తండ్రి సంతకం చేయవలసిన చోటు

ఈ తమిళ ఊళ్ళో మా అమ్మాయి చదివే బడిలో ఇళ్ళకు కబురు పంపడానికి ఒక పద్ధతి ఉంది. బంట్రోతు పొడుగాటి పుస్తకం ఒకటి చంకన పెట్టుకుని తరగతి తరగతికీ తిరుగుతాడు. పాఠం చెబుతున్న టీచరు ఆగి, అందులో హెడ్మిస్ట్రెస్ రాసిన సర్క్యులరును ఇంగ్లీషులో ఒకసారి, తమిళంలో ఒకసారి గబగబా చదివి, అంచున సంతకం పెట్టి పంపేస్తుంది. అక్కడితో ఆ కబురు మా ఇళ్ళకు చేరినట్టే. పదకొండేళ్ళ పిల్లలు దాన్ని సాయంత్రం దాకా నోట్లో మోసుకుని, రైలు గేటు దాటి, ఐసు బండి దగ్గర ఆగి, ఇంటికి తేవాలి. దారిలో ఒలికిపోగా మిగిలిందే మాకు.

మిగిలేవి రిబ్బన్లు. రెండు జడలూ మడిచి తెల్ల రిబ్బన్లే కట్టాలట. మశూచి టీకాలు వేస్తారట, ఆ రోజు పొట్టిచేతుల రవిక వేసుకోవాలట. శనివారం ఒంటిపూట బడట. ఇవన్నీ మా అమ్మాయి చెప్పులు విప్పకముందే అప్పజెబుతుంది. ఈ జూన్‌లో బడి తెరిచిన రెండోవారం కూడా అలాగే చెప్పింది. రిబ్బన్ల సంగతి చెప్పింది. పుస్తకాల సంచీలో మడతపెట్టిన కాగితం సంగతి చెప్పలేదు.

ఆ కాగితం గురించి నాకు చెప్పింది పక్క క్వార్టర్సులో ఉండే ఆవిడ కూతురు. ఇద్దరూ ఒకే తరగతి. బుధవారం సాయంత్రం మా గుమ్మంలో కూర్చుని అచ్చనగాయలాడుతూ, "మేమిచ్చేసినాం, మీరింకా ఈలేదు. ఎల్లుండికే గడువు," అంది. సంచీ బోర్లించాను. రోనియో యంత్రం మీద అచ్చుతీసిన కాగితం, ఒక పక్క ఇంగ్లీషు, ఇంకో పక్క తమిళం. తెలుగు చదవదలచిన పిల్లల తల్లిదండ్రులకోసం రాసిన కాగితంలో తెలుగు అక్షరం ఒక్కటి లేదు. సంగతి ఇదీ: పిల్లలు ఈ ఏడు చేరిన రెండో ఫారంలో మొదటి భాషగా తెలుగు ఉండాలంటే కనీసం పదిమంది పిల్లలు కావాలి. కావలసినవాళ్ళు సంతకం చేసి శుక్రవారం మధ్యాహ్నంలోగా పంపాలి. పంపనివాళ్ళను తమిళ తరగతిలో కలిపేస్తారు. పదిమందీ తేలకపోతే అందరినీ కలిపేస్తారు.

కిందటేడు తెలుగు తరగతిలో ఉన్నది సరిగ్గా పదిమంది.

మా అమ్మాయిని కొట్టాను. ఆ మాట రాయకుండా ఈ సంగతి రాయకూడదు. వీపుమీద ఒక్క దెబ్బ. అది ఏడవకుండా నా వంక చూసి, "టీచరు గబగబా చదివేసిందమ్మా, నాకు రిబ్బన్లే అర్థమయినాయి," అంది. ఆ పూట నాకు తినబుద్ధి కాలేదు. పెద్దవాళ్ళు చేయవలసిన పని పిల్ల నోటికి అప్పగించింది బడి. నేను కొట్టింది ఆ పిల్లని.

మా వారు రైల్వేలో ఇన్‌స్పెక్షన్ పని మీద ఆదివారమే జోలార్‌పేట వెళ్ళారు. మళ్ళీ ఆదివారానికి గానీ రారు. అయితే ఏం, నేను లేనా అనుకున్నాను. పెళ్ళయ్యాక, ఈ పిల్ల పుట్టాక, దాన్ని మా అమ్మ ఒళ్ళో పడుకోబెట్టి పరీక్ష హాలుకు వెళ్ళి బి.ఏ. పూర్తి చేసినదాన్ని. కాగితం చివర ఒక గీత ఉంది. దాని కింద 'తండ్రి లేక సంరక్షకుడు' అని ఉంది. గీత మీద నా పేరు రాశాను, పక్కన బి.ఏ. అని రాశాను, 'తల్లి' అని కూడా రాశాను. గురువారం పొద్దున్న పిల్ల చేతికిచ్చి పంపాను.

సాయంత్రం ఆ కాగితం తిరిగొచ్చింది. నా పేరు చుట్టూ ఎర్రపెన్సిలుతో సున్నా. తప్పు లెక్క చుట్టూ చుట్టినట్టు.

ఆ కాగితం చేత్తో పట్టుకుని కుళాయి దగ్గర నిలబడి ఉండగా పక్కింటావిడ బిందె తీసుకుని వచ్చింది. ఆమె భర్త వర్క్‌షాపులో ఫిట్టరు. వాళ్ళు ఎన్ని తరాలుగా ఇక్కడున్నారో వాళ్ళకే తెలియదు. ఆమె బడికి పోలేదు. కాగితం చూసి ఏమిటని అడిగింది. చెప్పాను. బిందె కింద పెట్టి మరీ నవ్వింది.

"ఏందమ్మే, బి.ఏ. చదివినావు, మొగుని పేరు రాసేదానికి రాదా నీకు?"

"ఆయన సంతకం నేనెలా పెడతానండీ?"

"అందురూ అట్లే పెడతారు. ఈ క్వార్టర్సులో మొగోళ్ళు ఏ పొద్దు ఇంట్లో ఉండారు చెప్పు? షిఫ్టని ఒకడు, లైనని ఒకడు. ఆయన పెట్టిన సంతకాన్ని అడుగున పెట్టుకోని, నేను ఒక నెల దిద్దినా. ఇప్పుడు ఆయనదానికంటే నాదే బాగుంటాది." నా చేతిలో కాగితం వంక గడ్డంతో చూపించింది. "నా బిడ్డ కాగితం గూడా నేను పెట్టిందే. ఆడ పోయి ఉండాదిగా, ఎవురన్నా అడిగినారా?"

ఆవిడ భర్త పేరు ఎన్నడూ నోట పలకదు. రేషను కార్డు కోసం పేరడిగితే కూతుర్ని పిలుస్తుంది. అదే అన్నాను.

"నోటితో పలకగూడదు. చేత్తో రాస్తే ఏముండాది?" అని బిందె నడుముకెత్తుకుంది. "సరి సరి, నీ ఇష్టం. నీ రోషం కోసరం నా బిడ్డ తరగతి తీసేసినారనుకో, అప్పుడు చెప్తా నీ పని."

నవ్వుతూనే అంది. కానీ ఆ మాటలో నవ్వు లేదు. ఆమె పెద్ద కొడుకు తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. చిత్తూరు నుంచి తల్లివైపు తాత రాసే కార్డు ఎవరో ఒకరు చదివి పెట్టాలి. ఆ ఎవరో ఒకరు చాలాసార్లు నేనే. కూతురన్నా చదవాలని ఆవిడకు ఎంత ఉందో, నాకూ అంతే ఉంది. నా కూతురు నేను రాసినది చదవలేని మనిషిగా పెరగడం నేను ఊహించలేను. ఇప్పుడు నేనొక్కదాన్ని తప్పుకుంటే తొమ్మిదిమంది పిల్లలు నాతోపాటు పోతారు.

శుక్రవారం పొద్దున్నే బడికి వెళ్ళాను. తల్లిదండ్రులు ముందుగా అనుమతి లేకుండా లోపలికి రాకూడదని గేటు దగ్గర బోర్డు. దాన్ని దాటి వెళ్ళాను. ఆఫీసు గదిలో గుమాస్తా కళ్ళజోడు మీదుగా చూశాడు. వయసు మళ్ళిన మనిషి. నేను తమిళంలో మొదలుపెడితే ఆయన తెలుగులోకి వచ్చాడు.

"కాగితం సరిగానే ఉండాదమ్మా. అయ్య సంతకం ఒకటే లేదు."

"ఆయన ఊళ్ళో లేరు. నేను తల్లిని."

"అది సరేనమ్మా. ఈడ తండ్రి అని ఉండాది గదా."

"తల్లి సంరక్షకురాలు కాదా?"

"తండ్రి లేకుంటే అవతాది." ఆ మాట ఎంత దూరం పోయిందో ఆయనకే తట్టి, గబుక్కున చెంపలేసుకున్నాడు. "అపశకునం. మన్నించమ్మా. పెద్దమ్మగారిని అడుగు."

హెడ్మిస్ట్రెస్ గది అవతలే. నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది, పెళ్ళి చేసుకోలేదు. కుర్చీ వెనక గోడమీద ఆవిడ పట్టా అద్దం కట్టించి ఉంది. నా ట్రంకుపెట్టె అడుగున ఉన్నదాన్ని ఇచ్చిన విశ్వవిద్యాలయమే దాన్నీ ఇచ్చింది. ఇంగ్లీషులో మాట్లాడింది. నియమం నియమమేనంది. రేపు తండ్రి వచ్చి నేను ఒప్పుకోలేదంటే బడి ఏం జవాబు చెబుతుందంది.

"ఈ బడిలో నాలుగువందలమంది ఆడపిల్లల సర్టిఫికెట్ల మీద మీ సంతకం చెల్లుతుంది. నా ఒక్క పిల్ల కాగితం మీద నాది ఎందుకు చెల్లదు?" అన్నాను.

"నేను ఉద్యోగరీత్యా పెడతాను," అంది. గంట కొట్టి బంట్రోతును పిలిచింది. సర్క్యులరు పుస్తకం అందుకుని రాసుకోవడం మొదలుపెట్టింది. నేను అక్కడ లేనట్టే.

బయటికొచ్చాను. గుమాస్తా లేచి వచ్చి కొత్త కాగితం ఒకటి నా చేతిలో పెట్టాడు.

"తొమ్మిది వచ్చినాయమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "పన్నెండింటికి కట్ట కట్టి లోపలికి పంపాల. నువ్వు అట్లా బెంచీ మీద కొంచేపు కూర్చో. అయ్య సంతకం తీసుకోని రా."

"ఆయన జోలార్‌పేటలో ఉన్నారని చెప్పానుగా."

ఆయన సిరాబుడ్డి, కలం బెంచీ మీద పెట్టి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

అప్పుడు అర్థమైంది నాకు. వాళ్ళకు అన్నీ తెలుసు. తొమ్మిది కాగితాల్లో తండ్రులు పెట్టినవి ఎన్నో, తల్లులు దిద్ది దిద్ది నేర్చుకుని పెట్టినవి ఎన్నో ఆ గుమాస్తాకు తెలుసు. ఆ గదిలో ఆవిడకూ తెలుసు. నా నిజమైన పేరుకు ఎర్ర సున్నా చుట్టే బడి, నేను చేసే దొంగ సంతకానికి సిరాబుడ్డి ఇచ్చి, గోడవైపు తిరిగి నిలబడుతుంది. ఆ కాగితం చించి ఆ గుమ్మంలో పారేసి రావాలనిపించింది. తొమ్మిదిమంది ఆడపిల్లలు గుర్తొచ్చారు. బిందె ఎత్తుకున్న ఆవిడ గుర్తొచ్చింది.

మా వారి పేరు రాశాను. మొదటిసారి రాయడమే అయినా బాగానే కుదిరింది. గుమాస్తా దానిమీద అద్దుడు కాగితం అద్ది, చూడకుండానే కట్టలో పెట్టి, "చాలమ్మా, పదయినాయి," అన్నాడు.

తరగతి నిలిచింది. ఆదివారం మా వారు వచ్చి, సంగతంతా విని పెద్దగా నవ్వారు. "ఇంత చిన్నదానికి అంత దూరం వెళ్ళి పోట్లాడావా? మొదటే నా పేరు పెట్టేస్తే పోయేదిగా. ఇక ముందు అన్నీ నువ్వే పెట్టెయ్," అన్నారు. ఆయన మంచివారు. అందుకే ఆ నవ్వు మీద నాకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. నాకు అనుమతి ఇస్తున్నాననుకున్నారు పాపం.

ఇవాళ క్వార్టర్లీ పరీక్షల మార్కుల కార్డు వచ్చింది. తెలుగులో తరగతికి మొదటిది మా అమ్మాయి. మా వారు పెరట్లో గడ్డం గీసుకుంటున్నారు, అద్దంలోంచి మేమిద్దరం కనబడేంత దగ్గరలో. పిల్ల ఆయన పక్కనుంచే నడిచొచ్చి కార్డూ కలమూ నా ముందు పెట్టింది.

"అమ్మా, నాన్న సంతకం పెట్టు."

"నాన్న అక్కడే ఉన్నారుగా."

"నువ్వు పెడతావు గదా. అందరికీ వాళ్ళమ్మే పెడతాది." దానికది వింతగా లేదు. ఎలా ఉంటుంది, నేనే నేర్పాను.

కార్డు తీసుకుని తండ్రి సంతకం చేయవలసిన చోటు వదిలి, దాని కింద ఖాళీలో నా పేరు రాశాను, బి.ఏ.తో సహా, తల్లి అని కూడా. "ఇప్పుడు పెరట్లోకి తీసుకెళ్ళు," అన్నాను. పిల్ల మొహం చిన్నబోయింది.

"మళ్ళీ ఎర్రపెన్సిలు గీస్తారమ్మా. టీచరు నిలబెట్టి అడగతాది."

"అడిగితే మా అమ్మ పేరని చెప్పు."

మా వారు సబ్బు చేతులు తుడుచుకుని సంతకం పెట్టారు. ఈసారి నవ్వలేదు. పిల్ల కార్డును సంచీలో పెట్టుకుని పడుకుంది. నాకే నిద్ర రావడం లేదు. రేపు తరగతిలో నిలబడేది అదే, నేను కాదు. ఆ భయం ఉంది. అయినా లేచి వెళ్ళి సంచీ తెరిచి, నా పేరు కొట్టేసే ఉద్దేశం మాత్రం లేదు.