పక్కింటి వాల్ట్జ్‌కి నా రూపక తాళం

ఐర్లండ్‌లో మేముండే అత్లోన్ ఊళ్లో, మా గోడకి అవతలి ఇంట్లో ఒకప్పుడు ఆర్కెస్ట్రా నడిపిన పెద్దాయన ఉంటాడు. తొంభై దాటాయి. ఇక్కడ ఇంటింటికీ టీవీలు రాని రోజుల్లో పద్నాలుగు మందిని వెంటేసుకుని ఊరూరా డాన్సు హాళ్లలో వాయించాడట. రేడియోలో మధ్యాహ్నం భోజనాల వేళ అరగంట ఆయనదేనట. ఈ 'అట'లన్నీ ఆయన నోటి నుంచి వచ్చినవే. నేను మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేస్తాను కనుక ఎవరేం చెప్పినా రెండోసారి పరీక్ష చేసిగాని నమ్మను. కానీ ఆయన ముందుగది గోడ మీద ఫోటో ఉంది. తెల్లకోటు, నున్నగా దువ్విన జుట్టు, చేతిలో సన్నటి పుల్ల, జనం వైపు ఓరగా తిరిగి ఒక నవ్వు. నమ్మక తప్పలేదు.

తన వృత్తి గురించి ఆయన చెప్పుకునే గొప్ప ఒక్కటే.

"నా పాట వల్ల ఎవరి సూపూ చల్లారలేదు."

అంటే జనం హాయిగా తింటూ, కబుర్లాడుకుంటూ, డాన్సు చేసుకుంటూ ఉండాలి. పాట పక్కన ఉండాలి, అంతే. ఎవరైనా చెంచా ఆపి తలెత్తి విన్నారంటే ఆ రోజు ఎక్కడో తప్పు దొర్లినట్టు. ఈ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. నేను విజయనగరంలో పదేళ్లు సంగీతం నేర్చుకున్నదాన్ని. మా మాస్టారు గొంతెత్తితే పక్కింట్లో పోపు వెయ్యడం ఆపాల్సిందే. "మీది సంగీతం కాదండీ, ఊరగాయ" అనేశాను. ఊరగాయంటే ఏమిటన్నాడు. తెచ్చి పెట్టాను. రెండు గ్లాసుల నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, "అయితే నన్ను మెచ్చుకున్నావన్నమాట" అన్నాడు. ఇలాంటి మనిషితో ఏం పోట్లాడతాం?

పోయిన ఏడాది చర్చి పక్క హాల్లో పెద్దవాళ్ల కోసం మధ్యాహ్నం టీ, డాన్సు పెడుతూ ఆయన్ని వాయించమన్నారు. ఆరుగురిని పోగుచేశాడు. ఫిడేలుకి ఒక రిటైరైన టీచరు, క్లారినెట్‌కి ఒకప్పటి పోస్టుమాన్, అకార్డియన్‌కి ఒక బేకరీ ఆవిడ, ఇంకో ముగ్గురు. రిహార్సల్ ఆయన ముందుగదిలోనే. నేను పులిహోర డబ్బా పట్టుకుని వెళ్లి కూర్చున్నాను. వాల్ట్జ్ మొదలైంది. మూడేసి దెబ్బల నడక. నా చెయ్యి ఊరుకుంటుందా? మన కచేరీల్లో ముందు వరసలో కూర్చున్నవాళ్లు తాళం వెయ్యకపోతే పాడేవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. రూపక తాళం చక్కగా కుదిరింది. తొడ మీద రెండు చరుపులు, ఒక విసురు.

ఆయన పుల్ల దించేశాడు.

"ఈ గదిలో కండక్టర్ ఒక్కడే. మళ్లీ రావాలంటే చేతులు ఇంట్లో వదిలేసి రా."

నేను నవ్వబోయి ఆగాను. దించిన పుల్ల వణుకుతోంది. అందరూ వెళ్లాక ఆయనే చెప్పాడు. కుడిచెయ్యి మాట వినడం లేదట. ఇది బాగా జరిగితే ప్రతి నెలా పెడతారట, లేదంటే స్పీకర్లో పాటలు వేసుకుంటారట. "పాట ఒక్కసారి మధ్యలో చెడితే, చెడకుండా వాయించిన అన్నేళ్లూ ఎవరికీ గుర్తుండవు" అన్నాడు.

ఇంట్లో మా ఆయన ముందే హెచ్చరించారు. "చూడు, నువ్వక్కడ చెయ్యాడించావంటే ఆయనకి బీపీ రెయిజ్ అయిపోద్ది. మనకే జీపీ డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకట్లేదు." మా అమ్మాయి తన ఐరిష్ యాసలో, "అమ్మా, జస్ట్ సిట్ ఆన్ దెమ్" అంది. అలాగే హాల్లో ముందు వరసలో నా రెండు చేతుల మీదా నేనే కూర్చున్నాను.

మొదటి పాట గ్రాండ్‌గా సాగింది. రెండోదాంట్లో పుల్ల గాలిలో ముగ్గులు పెట్టడం మొదలెట్టింది. ఫిడేలు ముందుకు పరిగెత్తింది, అకార్డియన్ వెనకబడింది, డాన్సు చేసే జంటల కాళ్లు తొక్కుకున్నాయి. టీ తాగుతున్న ఒకావిడ కప్పు సగంలో ఆపి, తలెత్తి చూసింది. ఆమె తలెత్తడం ఆయన చూశాడు. మొహం పాలిపోయింది.

నా చెయ్యి దానంతట అదే బయటికొచ్చిందని మా ఇంట్లో చెప్పాను. అబద్ధం. తెలిసే తీశాను. తొడ మీద గట్టిగా చరిచాను. రెండు చరుపులు, ఒక విసురు. ముందు పోస్టుమాన్ చూశాడు. తర్వాత ఫిడేలు టీచరు. ఆ తర్వాత పెద్దాయన మెల్లగా జనం వైపు ఓరగా తిరిగి, ఆ ఫోటోలోని నవ్వే నవ్వాడు. తమని చూసే నవ్వుతున్నాడని హాలంతా మురిసిపోయింది. ఆయన కన్ను నా అరచేతి మీద ఉంది. నా చెయ్యి పడినప్పుడల్లా ఆయన పుల్ల పడింది.

పక్కన కూర్చున్న మా అమ్మాయి స్కార్ఫుతో మొహం కప్పేసుకుంది. ఆ కప్పు ఆవిడ తల దించుకుని టీ తాగేసి, పక్కావిడతో కబుర్లలో పడింది. ఎవరూ పాట వినడం లేదు. నాకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. పదేళ్లు నేర్చుకుని ఒక్క కచేరీ కూడా ఇవ్వనిదాన్ని, మొదటిసారి నా తాళానికి ఒక హాలు నడిచింది.

చివర్లో ఆయన అందరికీ థాంక్స్ చెప్పాడు, టీ పోసినవాళ్లకి కూడా. నన్ను తప్ప. నా పక్కనుంచి కోటు సర్దుకుంటూ వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక ఆయన్ని తిట్టాల్సినవన్నీ తిట్టాను, మా ఆయన విన్నారు.

మర్నాడు పొద్దున్నే తలుపు కొట్టాడు. చేతిలో కడిగిన పులిహోర డబ్బా.

"మూడో పాటలో తొందరపడ్డావు" అన్నాడు.

పోట్లాటకి నోరు తెరిచాను. డబ్బా నా చేతిలో పెట్టేశాడు.

"ప్రతి నెలా పెడతారట. గురువారం రిహార్సల్."

గేటు దాకా వెళ్లి ఆగాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"చేతులు తెచ్చుకో."