నా మెడలో అతని రక్తం

వికారాబాద్ బస్టాండు దగ్గర ఒక చిన్న ల్యాబ్‌లో రక్తాలు తీయడం నా పని. పొద్దున్నే షట్టర్ ఎత్తేసరికి పరగడుపున వచ్చినవాళ్లు మెట్ల మీద కూర్చుని ఉంటారు. సూది చూడగానే పెద్ద మీసాల మగవాళ్లు కూడా మొహం అటు తిప్పేసుకుంటారు. నాకు నవ్వొస్తుంది గానీ నవ్వను. నవ్వితే చేయి కదిలి నరం తప్పుతుంది.

ఒకరోజు అనంతగిరికి పోతూ ఒక కాలేజీ జంట బండి ఆపి లోపలికొచ్చింది. అమ్మాయి చేతిలో గోరంత గాజు లాకెట్లు రెండు. ఒకరి రక్తం ఒకరు మెడలో వేసుకుంటారట, ఫోన్లో చూశారట, కాస్త తీసి నింపివ్వమన్నారు. నేను ఇంతెత్తున లేచాను. "ఇది ల్యాబ్, గాజుల దుకాణం కాదు. నడవుండ్రి బయటికి" అని తరిమేశాను. ప్లేట్‌లెట్ల రిపోర్టు కోసం బెంచీ మీద కూర్చున్న ఒకతను అంతా చూశాడు. వాళ్లు పోయాక, "పాపం మేడం, జర పోసిస్తే మీదేం పోయింది? మీ రక్తమడిగిన్రా?" అన్నాడు.

అతనిది తాండూరు. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో మిషన్ చూసుకునేవాడు. డెంగీ వచ్చి పక్క ఆస్పత్రిలో చూపించుకుంటున్నాడు. జ్వరం తగ్గాక కూడా ఏదో ఒక సాకుతో రైలెక్కి వచ్చేవాడు. చొక్కా మీద తెల్లటి రాతిదుమ్ము దులుపుకుంటూ మెట్లెక్కేవాడు. నాకు ముప్పయి దాటాయి. అమ్మానాన్నలు లేరు. కుల్కచర్లలో ఉన్న అన్న నా పెళ్లి మాట ఎప్పుడో మర్చిపోయాడు. అలాంటి నా కోసం ఒక మనిషి రైలెక్కి వస్తుంటే, రావద్దని ఎందుకంటాను?

చివరికి ఆ లాకెట్లు అతనే తెప్పించాడు. నేను తిట్టాను. తిట్టి, ఆదివారం మధ్యాహ్నం ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు నేనే అతన్ని చొక్కా చేయి మడవమన్నాను. గడ్డకట్టకుండా ఊదామూత గొట్టంలో పట్టి, అతని చేతి మీద మిగిలిన చుక్కను దూదితో తుడిచి, సన్నటి సూదితో లాకెట్‌లోకి ఎక్కించాను. ఆ పిల్లల్ని తరిమేసిన పనే మాకోసం ఎంతో పద్ధతిగా చేశాను. అతని రక్తం నా మెడలో, నా రక్తం అతని మెడలో. ఆ సాయంత్రం అతను రైలెక్కి కిటికీలోంచి లాకెట్ పైకెత్తి చూపించాడు.

కొన్ని వారాలకే ఎరుపు పోయి డికాక్షన్ రంగు తిరిగింది. అతను ఫోన్లో కంగారుపడితే, "బయటికొచ్చిన రక్తం అంతే, మనకేం కాలేదు" అన్నాను. ఆ తర్వాత మెల్లమెల్లగా అతని రాకపోకలు తగ్గాయి, ఫోన్లు తగ్గాయి. సేడం పిల్లతో పెళ్లి ఖాయమైందని, ఇంట్లోవాళ్లకు ఎదురు చెప్పలేనని ఒకనాడు మెసేజ్ వచ్చింది. నేను జవాబివ్వలేదు. లాకెట్ కూడా తీయలేదు, కుర్తా లోపలే ఉంచుకున్నాను. అతను కూడా పారేసి ఉండడని, ఎక్కడో బట్టల అడుగున దాచుకుని ఉంటాడని నాకు నేనే చెప్పుకునేదాన్ని. మా మధ్య మిగిలింది అదొక్కటే. సెలవులకు చుట్టుపక్కల గదులవాళ్లంతా ఊళ్లకు పోతే, ఒక్కదాన్నే అన్నం తింటూ ఎడమచేత్తో దాన్ని పట్టుకునేదాన్ని. దానితో మాట్లాడేదాన్ని కూడా. ఇందులో దాచడానికేముంది, మాట్లాడేందుకు ఇంకెవరూ లేరు.

మొన్న ఎండాకాలంలో ఒక నడివయసు ఆమె వచ్చి, పేషెంట్లంతా పోయేదాకా బెంచీ మీదే కూర్చుంది.

"నువ్వేనా బిడ్డా, గీడ రక్తాలు తీసేది? నాది తాండూరు. మా తమ్ముడు పంపిండు" అంది.

గబుక్కున కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆమె సంచిలోంచి రుమాలు మూట తీసి బల్ల మీద విప్పింది. నిమ్మకాయ పక్కన అతని లాకెట్. చేత్తో ముట్టుకోకుండా రుమాలుతోనే నా వైపు జరిపింది.

"నీది నీకిచ్చిన. వానిది వానికియ్యి. నీ కాళ్లు మొక్కుత."

నా రక్తం నాకే తెచ్చిచ్చింది. ఏం చేసుకోను, ఒళ్లంతా ఉన్నది అదే కదా!

"ఇప్పుడెందుకక్కా?" అన్నాను.

"వాడు మనిషి కాకుంట అయిండు. బక్కగై బట్టలు జారిపోతున్నయ్. ఊకె నీళ్లు తాగుతడు. ఎంత తిన్నా ఒంటికి పడుతలేదు. ఒకాయనకు చూపిస్తే, వీని రక్తం ఎవరి చేతులనో ఉన్నది, బాణామతి అన్నడు."

నాకు ఒళ్లు మండింది. "నేను చేతబడి చేసిన్నంటవా?"

"నేనంటలేను బిడ్డా. వాడే అంటుండు. నీ పేరెత్తితె వణుకుతుండు."

మర్చిపోయాడేమో అనుకున్నాను. కోపమేమో అని కూడా అనుకున్నాను. నన్ను తలుచుకుని భయపడతాడని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

మెడలోది తీశాను. ఆమె దాన్ని కూడా ముట్టుకోలేదు, తన కళ్ల ముందే లేకుండా చేయమంది. పరీక్షలయ్యాక మిగిలిన రక్తం పోసే బ్లీచింగ్ నీళ్ల బకెట్ ముందుకు లాగి, రెండు లాకెట్లూ పట్టకారుతో అందులోనే పగలగొట్టాను. గోధుమరంగు కాస్త పైకి తేలి, చూస్తుండగానే వెలిసిపోయింది. ఆమె వంగి చూసి ఊపిరి పీల్చుకుంది.

"ఆ దినం తుడిచిన దూది ఏం చేసినవో అడగమన్నడు."

ఆ దూది సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. అంత చిన్న విషయం అతనికి గుర్తుందని ఒక్క క్షణం నిజంగా సంతోషపడ్డాను. ఎందుకు గుర్తుందో తర్వాత తట్టింది.

"ఆ రోజే చెత్తల పోయింది. ఫికర్ చేయొద్దని చెప్పు" అన్నాను.

ఆమె సంచి సర్దుకుంటుంటే ఉండబట్టలేకపోయాను. ఇందాక ఆమె అన్న మాటలే నా చెవిలో తిరుగుతున్నాయి. "అక్కా, ఒక్క మాట. ఇట్ల దప్పికైతాంటె, బక్కగైతాంటె చక్కెర జబ్బు కావచ్చు. షుగర్ టెస్టు చేపియ్యుండ్రి. మా దగ్గరొద్దు, తాండూర్లనే చేపియ్యుండ్రి. ఒక్క చుక్క రక్తం చాలు."

ఆమె చప్పున వెనక్కి జరిగింది. "మళ్ల వాని రక్తమేనా? ఇగ సాలు బిడ్డా. వాని రక్తం ఎవ్వరికీ ఇయ్యం."

ఆమె మెట్లు దిగిపోయింది. వెంటనే అతనికి ఫోన్ చేశాను, పోలేదు. నా నంబరు ఎప్పుడు బ్లాక్ చేశాడో కూడా నాకు తెలియదు. దారిన పోయే ఎవరైనా వచ్చి వేలు చాపితే క్షణంలో చేసే పరీక్ష అది.

అతను చేయించుకున్నాడో లేదో ఇప్పటికీ తెలియదు. తాండూరు నుంచి రోజూ ఎవరో ఒకరు మా ల్యాబ్‌కు వస్తూనే ఉంటారు. అతని గురించి అడుగుదామని నోటిదాకా వస్తుంది. అతను నీకేమవుతాడని వాళ్లు తిరిగి అడిగితే చెప్పడానికి నా దగ్గర మాట లేదు.