బఠాణీ బూరెలు

మా ఆవిడ మాణిక్యాంబకి కోపం వస్తే వంటింటి గడప ఎవరూ తొక్కకూడదు. పెళ్ళైన కొత్తలోనే నాకిది తెలిసొచ్చింది. నేను సైన్యంలో ఉన్నన్నాళ్ళూ ఏ ఊరికి బదిలీ అయినా, అక్కడ దొరికిన కూరగాయతోనే ఏదో ఒక పిండివంట చేసి క్వార్టర్సంతా పంచిపెట్టిన మనిషి. తీరా రిటైరై ఢిల్లీలోని ద్వారకలో ఫ్లాట్ కొనుక్కుంటే, సొసైటీలో ఆవిడ పేరు ‘ఇడ్లీవాలీ భాభీ’ అయి కూర్చుంది.

జనవరిలో ఒక ఆదివారం సొసైటీ వాళ్ళంతా పార్కులో ఎండకి కూర్చుని కలిసి భోంచేస్తారు. ఎవరో ఒకరు గాజర్ హల్వా తెస్తారు. మా వంతు మాత్రం ఏటా ఇడ్లీలే. ఈసారి మాణిక్యం, “మిఠాయి నేను తెస్తాను” అనేసింది.

“అచ్ఛా? ఆప్ లోగ్ మీఠా భీ బనాతే హో?” అని, మీకు తీపి వంటలు కూడా వచ్చా అన్నట్టు నవ్వింది పక్క ఫ్లాట్ ఖురానా గారి భార్య. ఇంకేముంది, మా ఆవిడకి పంతం పట్టుకుంది. ఇక్కడ చలికాలపు పచ్చిబఠాణీ మహా తియ్యగా ఉంటుంది. శనగపప్పు బదులు దాంతో పూర్ణం చేసి బూరెలు వండుతానంది.

“మటర్ కీ మిఠాయీ? కౌన్ ఖాయేగా, మమ్మీ?” అని, బఠాణీ మిఠాయి ఎవరు తింటారన్నట్టు మా అమ్మాయి స్నిగ్ధ ముక్కు చిట్లించింది. నేను గింజలు ఒలిచాను.

ఆదివారం పొద్దున్నే, శనగపప్పుకి పోసినట్టే బఠాణీకీ నీళ్ళు పోసి కుక్కర్లో పెట్టింది. అలవాటు చేసిన పని అది. పచ్చిగింజలో నీరు ఉండనే ఉందాయె. బెల్లం పడేసరికి పూర్ణం జారుగా అయింది. మొదటి వాయి బూరెలన్నీ పేలిపోయి నూనె పచ్చబడింది. గోదావరి ఆడపడుచుకి ఇంతకన్నా తలవంపులు ఇంకేముంటాయి!

“పోనీ, మార్కెట్లో హల్వా కొనుక్కొచ్చేస్తానే,” అన్నాను.

“కొన్నది పట్టుకెళ్ళి నేనే చేశానని పెట్టమంటారా? ముందు మీరు బయటికి నడవండి!”

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసి నా ప్రాణం ఉసూరుమంది.

మిగిలిన పూర్ణాన్ని నెయ్యి వేసిన మూకుట్లో చెయ్యి పీకేదాకా తిప్పి దగ్గరపడేలా చేసింది. పళ్ళెంలో పరిచి బాల్కనీలో పెడితే ఢిల్లీ చలిగాలికి గట్టిపడింది. ఉండలు చుట్టి, పైపూతకి రుబ్బిన మినప్పిండి తోపులో ముంచి నూనెలో వేసింది. ఒక్కటి పేలితే ఒట్టు! తలుపు చాటునుంచి చూస్తూ నేను పొంగిపోయాను.

పార్కులో ఖురానా గారి భార్య బూరె కొరికి, లోపలి పచ్చరంగు చూసి ఆగిపోయింది. ఆవిడ మిగతా సగం కూడా తినేసి, ఇంకోటి తీసుకుని, వాళ్ళాయన్ని కేకేసింది. ఆ వెనకే మిగతావాళ్ళూ చేరారు. కాసేపటికి గిన్నె ఖాళీ.

“భాభీజీ, ఇది మీ ఆంధ్రా మిఠాయా?” అని ఖురానా గారి భార్య హిందీలో అడిగింది.

మాణిక్యం కొంగు సర్దుకుని, నిటారుగా నిలబడింది.

“నహీ జీ. ఆంధ్రాలో కూడా ఇది దొరకదు. ఇది నాది.”