మామ్మగారి అక్కయ్యా, మా మావయ్య వ్యానూ

ఆ రోజుల్లో దయ్యాలకి కూడా ఒక మర్యాద ఉండేదనుకుంటాను. వేళకి వచ్చేవి, వేళకి వెళ్లేవి, మనుషులు కూడా తెల్లవారుజామునే లేచి వాటి రాకపోకలు కనిపెట్టి ఉండేవారు. ఇప్పుడంత ఓపిక ఎవరికుంది? అలాంటి కాలంలో నేను బీకాం గట్టెక్కి (రెండో ప్రయత్నంలోనే, అది గమనించాలి) భీమవరంలో మా మావయ్య టోకు కిరాణా కొట్టులో చేరాను. చదువుకున్నవాడిని కదా, గుమాస్తా బల్ల దగ్గర కూచోబెడతాడనుకున్నాను. మావయ్య వ్యాను తాళం చేతిలో పెట్టాడు.

అది ఎవరో రోడ్డు కాంట్రాక్టరు వాడి వదిలేసిన పాత పికప్ వ్యాను. వానాకాలంలో రోడ్ల మీద నీళ్లు నిలిచి పంచదార బస్తాలు తడుస్తున్నాయని, మావయ్య దాని చక్రాల మీది కమాను స్ప్రింగుల్లో అదనంగా పట్టీలు వేయించి జానెడెత్తు లేపించాడు. దాంతో అది చేలో నిలబడ్డ కొంగలా తయారైంది. సరుకు తడవడం మానింది కాని, మలుపు వచ్చినప్పుడల్లా బండి నడుము ఒక పక్కకీ తల ఇంకో పక్కకీ పోయేవి. స్టీరింగు తిప్పితే అది కాసేపు ఆలోచించుకుని తర్వాత తిరిగేది. పైగా అరిగి నున్నబడిన పాత టైర్లు నల్లమట్టి గట్ల మీద సబ్బుబిళ్లల్లా జారేవి. అందుకని మావయ్య, ట్రాక్టరు టైర్లకి తమ్ముళ్లలాంటి టైర్లు నాలుగు వేయించాడు. ఒంటినిండా పెద్ద పెద్ద రబ్బరు పళ్లు, మధ్యలో వేలెడు లోతు సందులు. బురదని అవి కొరుక్కుంటూ పోయేవి. పళ్ల టైర్లని పేరు పెట్టుకున్నాం.

రోజూ చీకటితోనే సరుకు వేసుకుని కాలవ గట్టు మీద బోలెడు దూరం పోయి, లాకుల దగ్గర మలుపు తిరిగితే, అక్కణ్ణించి ఒక పల్లెటూళ్లోకి కొత్తగా వేసిన తారురోడ్డు ఏటవాలుగా దిగేది. అక్కడ ఇంజను ఆపేసి బండిని దానంతటదే దొర్లనివ్వాలని మావయ్య శాసనం (పెట్రోలు మిగులుతుందిట). నేను అలాగే దొర్లుకుంటూ పోయి, ఆ ఊళ్లో మా సరుకు కొనే చిల్లర కిరాణా కొట్టు బాబాయిగారి ఇంటి ముందు ఆగేవాణ్ణి. తలుపులు వేసే ఉండేవి. కాని అరుగు మీద పళ్లెం మూసిన ఇత్తడి గ్లాసులో పొగలు కక్కే కాఫీ ఉండేది. ఆహా, మర్యాదంటే ఈ జిల్లాదేననుకుని తాగేసి, అప్పుడు తలుపు కొట్టేవాణ్ణి. డబ్బాలు, తలుపులు, అద్దాలు కలిసి చేసే గోలలో ఆ బండిలో కూచున్నవాడికి ఇంకేమీ వినిపించేది కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మార్గశిరంలో మంచు పట్టింది. చేలూ కాలవా ఒకటైపోయి, బండి ముందు చెయ్యి చాపితే వేళ్లు కనిపించేవి కావు. ఆ రోజుల్లోనే, సరుకు దింపుతుండగా, బాబాయిగారు గొంతు తగ్గించి చెప్పారు. లాకుల దగ్గర్నించి తెల్లవారుజామున ఒక ఆడమనిషి ఏడ్చుకుంటూ ఊళ్లోకి వస్తోందిట. ఊరంతా విన్నారుట. అదీ నేను వచ్చే వేళకేనట. మర్నాడు గట్టు మీద బండి ఆపి చెవి ఒగ్గి విన్నాను. కాలవ నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ లేకపోవడమే ఎక్కువ భయపెట్టింది. వ్యానుకి నిమ్మకాయలు కట్టుకున్నాను.

ఒకసారి బాబాయిగారింట్లో సత్యనారాయణ వ్రతానికి మావయ్య తరఫున వెళ్లి, ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాను. మర్నాడు సరుకు మావయ్యే తెస్తానన్నాడు. ఇంకా చీకటుండగా మెలకువ వస్తే, బాబాయిగారి తల్లి, అందరూ మామ్మగారనే ఆవిడ, కుంపటి ముందు కూచుని కాఫీ కలుపుతోంది. ఇంత పొద్దున్నే ఎవరికని అడిగాను.

"మా అక్కయ్యకి బాబూ," అంది మామూలుగా. "మాకు చాలాకాలం మాటల్లేవు. ఒకనాడు ఇదే వేళకి తనే వచ్చి అరుగు మీద కూచుంది. నేను తలుపు తియ్యలేదు. కాఫీ చుక్కయినా తాగకుండా వెళ్లిపోయింది. ఆ ఏడే పోయింది. ఇన్నాళ్లకి ఏడ్చుకుంటూ వస్తోంది. రోజూ గ్లాసు పెడుతున్నాను, తాగి వెళుతోంది."

గ్లాసు అరుగు మీద పెట్టి వచ్చి గడియ వేసింది. పోయినవాళ్లు తాగుతుంటే చూడకూడదని లాంతరు తగ్గించింది. ఇద్దరం తలుపు వెనక కూచున్నాం.

ముందు చాలా దూరంగా, మంచు లోపలినించి, సన్నగా మొదలైంది. గొంతు పెగలని మనిషి మూలుగులా ఉంది. అది పెరిగింది. ఏటవాలు దిగుతున్నకొద్దీ పైకి పైకి లేచి, గుక్క పట్టిన ఏడుపైంది. వీధి కుక్కలు ఒక్కసారిగా నోళ్లు మూశాయి. ఏడుపు మా వీధిలోకి తిరిగి, మెల్లిగా తగ్గుతూ, వెక్కిళ్లు పెడుతూ, సరిగ్గా మా తలుపు ముందు ఆగిపోయింది. మామ్మగారు నా చెయ్యి పట్టుకుంది. అడుగులు అరుగెక్కాయి. పళ్లెం జరిగింది. ఒక గుటక, ఇంకో గుటక. చివర్న తృప్తిగా ఒక పెద్ద నిట్టూర్పు, వెంటనే గొంతు సవరించుకుంటూ ఖళ్లుమని ఒక దగ్గు.

ఆ దగ్గు నేను పుట్టిన దగ్గర్నించీ ఎరుగుదును. అది మా మావయ్యది.

ఏడ్చేవి ఆ టైర్లు. ఇంజను చప్పుడు లేకుండా కొత్త తారు మీద దొర్లుతుంటే, రబ్బరు పళ్ల సందుల్లో గాలి అలా ఏడుస్తోందన్నమాట. ఇక ఇన్నాళ్లూ ఆ పరలోకపు కాఫీ తాగింది ఎవరో వేరే చెప్పాలా? మావయ్య తలుపు కొట్టాక మామ్మగారు బయటికి వచ్చి, ఖాళీ గ్లాసుని కళ్లకద్దుకుంది.

తిరుగు దారిలో మావయ్యే తోలుతున్నాడు. సరిగ్గా లాకుల మలుపులో సంగతి చెప్పాను. (చోటు చూసుకుని చెప్పి ఉండాల్సింది.) చచ్చిపోయినావిడ కాఫీ తాగానని తెలియగానే ఆయన స్టీరింగు గట్టిగా లాగేశాడు. ఎత్తు బండి ఒక పక్కకి ఒరిగి, పళ్ల టైర్లు తడి తారు మీద పట్టు తప్పి, ముందు చక్రం ఒకటి కాలవ మీద గాల్లో ఆగింది. కింద నీళ్లు నల్లగా పోతున్నాయి. మావయ్య దిగి, వ్యాను చుట్టూ తిరిగి, తప్పంతా టైర్లదేనని తీర్పు చెప్పాడు. మర్నాడే అదనపు కమాను పట్టీలు సగం తీయించి, నాలుగింటికీ నున్నటి గీతల టైర్లు వేయించాడు. బండి బుద్ధిమంతురాలైంది. మలుపు తిప్పితే ఠక్కున తిరిగేది.

కాని ఏడుపు ఆగిపోయింది. నేను వెళ్లేసరికి మామ్మగారు తలుపు తీసుకుని, చల్లారిన గ్లాసు పక్కన పెట్టుకుని, గట్టు వైపు చూస్తూ కూచునేది. "మళ్లీ కోపం వచ్చినట్టుంది బాబూ. నేనేం చేశానో," అంది ఒకరోజు. మనిషి చిక్కిపోయింది. నిజం చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. ఆ కళ్లు చూసి, ఉప్పు బస్తాల లెక్క అడిగి వచ్చేశాను.

మావయ్య దగ్గర కూచుని వాదించాను. ముందు గీతల టైర్లుంటే స్టీరింగు మాట వింటుంది, వెనక పళ్ల టైర్లుంటే బురదలో తోస్తుంది, రెండూ కావాలన్నాను. అసలు కారణం ఆయనకీ తెలుసు. చాలాసేపు మీసం దువ్వుకుని, "సరేరా. ఆ పోయినావిడ చేత కాఫీ మానిపించిన పాపం మనకెందుకు," అన్నాడు. తీరా చూస్తే ఆ బండి జన్మలో అంత బాగా ఎప్పుడూ నడవలేదు. బజారులో మరో ఇద్దరు వర్తకులు చూసి అలాగే వేయించుకున్నారు. మావయ్య తన బుర్రేనని చెప్పుకున్నాడు.

"ఇవాళ వచ్చింది బాబూ. మెల్లిగా ఏడ్చింది. కోపం తగ్గింది," అంది మామ్మగారు. నేను మూతి తుడుచుకుని తలూపాను. ఒక్క విషయం మాత్రం ఇప్పటికీ కొరుకుడు పడదు. అమావాస్యనాడు మావయ్య బండి కదలనిచ్చేవాడు కాదు. అయినా మర్నాడు వెళితే, "నిన్న కూడా వచ్చి తాగి వెళ్లింది," అనేది ఆవిడ. బాబాయిగారికి కాఫీ పడదు. నేనింక ఎవర్నీ అడగలేదు. అడిగితే ఆ మంచులో ఒంటరిగా బండి తోలవలసింది నేను కదా.

టైర్ల పళ్లు అరుగుతున్నకొద్దీ ఏడుపు సన్నబడింది. మూలుగైంది, నిట్టూర్పైంది. ఒక ఉదయం ఏమీ లేదు. మామ్మగారు నన్ను లోపలికి పిలిచి, గ్లాసు చేతిలో పెట్టి, "వెళ్లిపోయింది బాబూ, కడుపునిండా తాగి వెళ్లింది. నువ్వు తాగు," అంది. ఆవిడ చూస్తుండగా తాగిన మొదటి కాఫీ అదే.

మావయ్య పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాది ఇంచుమించు మామ్మగారి వయసు. మంచు పట్టిన రోజుల్లో వీధి చివర ఏదైనా బండి సన్నగా మూలిగితే, లేచి కాఫీ కలిపి, గ్లాసు పట్టుకుని తలుపు తీస్తాను. పాల వ్యాను వెళ్లిపోతుంటుంది. తల నెరిసినా బుద్ధి రాలేదని నవ్వుకుని, ఆ కాఫీ నేనే తాగేస్తాను. అలవాటైన పనేగా.