పాత ఎండ, కొత్త ఎండ

మా పక్కింటి అంకుల్ పోయిన నెలలో కాలం చేశారు. వడదెబ్బ. గుంటూరులో చిన్నప్పుడు ప్రతి ఎండాకాలం వినే ఈ మాట పెర్త్‌లో, అదీ మా పక్కింట్లో వినాల్సి వస్తుందని నేననుకోలేదు. నేను ఆఫీసులో ఉండగా ఆయన కూతురు ఫోన్ చేసి, "నాన్న లేవట్లేదక్కా" అంది. నేను మా పేట పియారా వాటర్స్ చేరేసరికి అంబులెన్సు వాళ్ళు చెయ్యాల్సిందంతా చేసి, సామాను సర్దుకుంటున్నారు.

ఆయన ఉద్యోగమంతా థర్మల్ పవర్ స్టేషన్‌లో, బాయిలర్ల దగ్గర ఇంజనీరుగా గడిచింది. ఆంటీ పోయాక కూతురి దగ్గరికి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయారు. మా వీధిలో పెద్దవాళ్ళకి అంకుల్, పిల్లలకి తాత. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు ముట్టుకునే ముందు ఆ ఇంటి స్విచ్ బోర్డుని, ఫోన్ చార్జర్లని, టీవీ వెనక భాగాన్ని చేతి వెనకవైపుతో తాకి చూడటం ఆయనకు అలవాటు. "అంకుల్ వచ్చారు, ఇన్‌స్పెక్షన్ మొదలు" అని మావారు ఆటపట్టించేవారు. ఆయన నవ్వి, ఏదో ఒక ప్లగ్గు పీకేసి గానీ కూర్చునేవారు కాదు. ప్లగ్గు తిరిగి పెట్టుకోవడం నా పని.

ఒక్కసారి మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ఇక్కడ మన తెలుగిళ్ళలో అసలు వంట జరిగేది గ్యారేజీలో. ఇంట్లో ఉన్న వంటిల్లు చుట్టాలకి చూపించుకోడానికి. చేపల పులుసైనా, మూకుడు నిండా గారెలైనా గ్యారేజీలో గ్యాస్ పొయ్యి మీదే. వాసన వీధిలోకి పోయి ఎవరైనా కంప్లైంట్ ఇస్తారేమోనన్న భయంతో షట్టర్ కిందికి దించేస్తాం. పాప పుట్టినరోజుకి నేనూ అలాగే తలుపులు బిగించి గారెలు వేస్తున్నాను. అంకుల్ లోపలి గుమ్మంలోంచి వచ్చి, పొయ్యి ఆపేసి, షట్టర్ పైకెత్తారు.

"ఏంటమ్మాయ్ ఇది? అదిగో గోడకి సోలార్ బ్యాటరీ, ఇదిగో సిలిండరు, ఆ కారు నిండా పెట్రోలు. అన్నీ నిద్దరోతున్నాయి. వాటి మధ్యన మంటెట్టి తలుపేసుకుంటావా?"

"బ్యాటరీ సేఫే అంకుల్, సర్టిఫైడ్" అన్నారు మావారు.

"సేఫే నాయనా. నిద్దరోయినంతసేపూ అన్నీ సేఫే. శక్తనేది ఎక్కడికీ పోదు. రూపం మార్చుకోడానికి దారి దొరికేదాకా కాసుక్కూర్చుంటది. ఇంకో సంగతి, తలుపేస్తే ఆ మంట తినేది మీరు పీల్చే గాలే."

అప్పటికే నాకు తల దిమ్ముగా ఉంది. నూనె పొగకేమో అనుకుంటున్నాను. పది నిమిషాలు బయట నిలబడ్డాక గానీ అది గాలి చాలక వచ్చిన దిమ్మని తెలియలేదు. ఆ నెలలోనే పొయ్యి పెరట్లోకి వెళ్ళింది, బ్యాటరీ బయట దక్షిణపు గోడకి మారింది. ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం వైపు నుంచి కాస్తాడు కనుక నీడ ఉండేది ఆ గోడకే. అంకుల్ ఆ రోజు రాకపోతే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేను ఉండేదాన్ని కానేమో. ఆ రుణం నాకు తీరేది కాదు.

శనివారం ఆర్వోల్లో, అదే మధ్యాహ్నాల్లో, ఆయన మా పెరటి పాటియోలో వీధి పిల్లల్ని కూర్చోబెట్టుకునేవారు. ముందు అరచేతులు గట్టిగా రుద్దుకోమనేవారు. "కదలిక పోయి వేడి వచ్చింది, చూశారా?" అనేవారు. బొగ్గు గురించి చెప్పడం మొదలుపెడితే మాత్రం పిల్లల్ని మరిచిపోయేవారు. "బొగ్గంటే ఏంటనుకున్నారు? ఎప్పుడో చెట్లు తాగిన ఎండే, భూమిలో దాక్కుంది. మేము పాత ఎండని తవ్వి తగలబెట్టాం. మీరు కొత్త ఎండని పట్టుకుని గోడకి తగిలిస్తున్నారు." మంట నీటిని ఆవిరి చేస్తుందని, ఆవిరి టర్బైన్ తిప్పుతుందని, తిరిగేది కరెంటు అవుతుందని చేతులు తిప్పుతూ చెప్పేవారు. బొగ్గులో ఉన్న శక్తిలో మూడో వంతే తీగల్లోకి వెళ్ళేదని, మిగతాదంతా వేడిగానే వృథా అయ్యేదని కూడా చెప్పారు.

మా పాపకి తెలుగు అర్థమవుతుంది, నోటికి మాత్రం ఇంగ్లీషే వస్తుంది. "తాతా, వేర్ డిడ్ ద రెస్ట్ గో?" అని అడిగింది.

ఆయన ఫెన్సు మీదుగా, ఎండకి మరిగిపోతున్న ఇళ్ళ కప్పుల వైపు చూశారు. "ఎక్కడికీ పోలేదమ్మా. ఇక్కడే ఉంది. మన చుట్టూనే తిరుగుతోంది" అన్నారు.

పిల్లలు నవ్వి, వెనక్కి తిరిగి చూసుకున్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. చిన్నపిల్లలతో అనే మాటా అది, అని లోపల విసుక్కున్నాను కూడా.

ఈ వేసవిలో ఆయన మాట తగ్గించేశారు. పెర్త్‌లో సాయంత్రం సముద్రం మీంచి వచ్చే చల్లగాలిని డాక్టర్ అంటారు. అంకుల్ రోజూ గేటు దగ్గర నిలబడి దానికోసం చూసేవారు. "ఇవాళా డాక్టరు రాలేదమ్మాయ్" అనేవారు, కారు దిగుతున్న నాతో. వరసగా కొన్నాళ్ళు అదే మాట. ఆ మాట వినలేక నేను తలూపి లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

ఆయన పోయిన రోజు మధ్యాహ్నం మా పేటంతా కరెంటు పోయింది. కూతురూ అల్లుడూ ఆఫీసుల్లో ఉన్నారు. వాళ్ళ కప్పు మీదా సోలార్ పలకలున్నాయి గానీ బ్యాటరీ లేదు. గ్రిడ్ పోతే అలాంటి ఇళ్ళలో సోలార్ కూడా దానంతటదే ఆగిపోతుంది, తీగలు బాగుచేసేవాళ్ళకి షాక్ కొట్టకుండా. నెత్తిన అంత ఎండ పెట్టుకుని ఆ ఇంట్లో ఫ్యాను తిరగలేదు. కూతురు ఫోన్ చేస్తే, "బాయిలర్ పక్కన బతికినోణ్ణి, నాకిదో లెక్కా?" అన్నారట.

మా ఇంట్లో బ్యాటరీ అందుకుంది. పాప స్కూలు నుంచి వచ్చేసరికి ఇల్లు చల్లగా ఉండాలని ఆఫీసు నుంచే ఫోన్‌లో ఏసీ వేసి ఉంచాను. గోడకి ఇవతల ఖాళీ ఇల్లు చల్లబడుతోంది, అవతల ఆయన తడి తువ్వాలు కప్పుకుని కుర్చీలో కూర్చున్నారు. మా తలుపు కోడ్ ఆయనకి తెలుసు. కానీ మనుషులు లేని ఇంట్లోకి వెళ్ళకూడదన్నది ఆయన పద్ధతి. మా పార్సిళ్ళు కూడా గుమ్మం లోపల పెట్టి, అక్కణ్ణించే వెనక్కి తిరిగేవారు. ఆ పద్ధతి మీద నాకు ఇప్పటికీ కోపమే. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం.

ఆయన పోయిన రోజులాగే నిన్న మళ్ళీ నలభై మూడు డిగ్రీలు. నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. మధ్యాహ్నం ఆయన కూతురు ఆఫీసు నుంచి ఫోన్ చేసింది.

"అక్కా, మా ఇంట్లో ఎవరూ లేరు. తెలుసు నాకు. అయినా ఒక్కసారి నాన్న రూమ్‌లోకి వెళ్ళి చూస్తావా, ప్లీజ్?"

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, తను చెప్పిన కోడ్ నొక్కి వాళ్ళింట్లోకి వెళ్ళి, ఆ గది తలుపు తీశాను. లోపల ఆగి ఉన్న వేడి మొహానికి కొట్టింది. కిటికీలు తెరిచాను. మంచం, కుర్చీ, ఉతికి మడతపెట్టిన తువ్వాలు.

"ఎవరూ లేరు" అన్నాను.

"సరే అక్కా" అంది. తను ఫోన్ పెట్టెయ్యలేదు, నేనూ పెట్టెయ్యలేదు.