యాదమ్మ పెద్దమ్మ కోయకుండా వెళ్ళిన మెంతి

మా ఇంటి యజమానురాలు యాదమ్మ గారు కన్నుమూశారన్న కబురు నాకు గచ్చిబౌలి దగ్గర ఆఫీసు బస్సులో ఉండగా అందింది. ఫోన్ చేసింది ఆమె కూతురు కవితక్క. "అమ్మ లేదిగ" అంది. నేను "సరే అక్కా, సాయంత్రం వచ్చి మొలకల ట్రేలు తడుపుతాను" అన్నాను. కవితక్క కూడా "సరే" అని పెట్టేసింది. బస్సు రెండు స్టాపులు దాటాక గాని నేను విన్నదేమిటో, అన్నదేమిటో నాకు అర్థం కాలేదు. గుండెకు చిన్న చికిత్స అన్నారు. రేపో మాపో ఇంటికి పంపిస్తారన్నారు. అలాంటి మనిషి ఎలా లేకుండా పోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆమె గురించి మన కాలనీ పత్రికకు నాలుగు మాటలు రాయమని కవితక్కే అడిగింది. "నువ్వు రోజూ ఏందో రాసుకుంటనే ఉంటవ్ గదా" అంది. నేను రాసుకునేది డైరీ. అందులో తప్పు రాసినా అడిగేవారుండరు. మన కాలనీలో యాదమ్మ గారి చేతి మొలకలు తినని ఇల్లు లేదు కాబట్టి ఇక్కడ అందరూ అడుగుతారు. పైగా ఆమె నాకేమవుతుందని రాయాలో తెలియడం లేదు. నేను ఆమె మేడ మీది గదిలో అద్దెకున్న పిల్లను. చుట్టరికం లేదు. ఊరూ ఒకటి కాదు. గదిలో దిగిన కొత్తలో "ఆంటీ" అని పిలిస్తే, "ఆంటీ గీంటీ నాతోని కాదు. పెద్దమ్మా అను, లేకుంటే ఏం అనకు" అంది. ఏమీ అనకుండా ఉండటమే నాకు సులువు. అయినా పెద్దమ్మా అన్నాను.

ఇప్పుడు హైటెక్ సిటీ అద్దాల భవనాలున్న చోట ఒకప్పుడు వాళ్ళ జొన్నచేను ఉండేదని అందరికీ తెలుసు. పాత పొలం మీది మమకారంతోనే ఆమె మేడ మీద మొలకలు పెంచుతోందని నేను ఊహించుకున్నాను. పుస్తకాల్లో అలాగే ఉంటుంది మరి. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. పకపకా నవ్వింది. "చేను మీద మమకారమా? కలుపు తీసీ తీసీ నా నడుము పోయింది బిడ్డా. గిదైతే కుర్చీల కూసోని పండియ్యొచ్చు. ఎండ లేదు, బురద లేదు, పాములు లేవు." ఆ తర్వాత చాలాసేపు తానే ఆ అద్దాల భవనాల వైపు చూస్తూ కూర్చుంది. ఏం చూసిందో నేను అడగలేదు.

షుగర్ ఉందని డాక్టరు చెప్పిన తర్వాత మొదలైన పని ఇది. మొదట పెసలు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, వంటింటి మూల వేలాడదీసేది. తెల్లారేసరికి మూటలోంచి తోకలు తొంగిచూసేవి. ఆ ముచ్చట తీరాక, ఫంక్షన్లలో ఇచ్చిన మిఠాయి డబ్బాలనే ట్రేలుగా చేసి, అడుగున చిల్లులు పొడిచి, తడిపిన కొబ్బరి పొట్టు పరచి, ఆవాలూ మెంతులూ ముల్లంగి గింజలూ చల్లడం పట్టుకుంది. ధనియాలను చపాతీ కర్రతో మెల్లగా రెండు బద్దలు చేసి చల్లేది. జంట ఆకులు విచ్చుకోగానే కత్తెరతో మొదలంటా కోసి పప్పులోకో, పెరుగులోకో వేసేది. మైక్రోగ్రీన్స్ అంటారని నేను చెబితే, "గింత మొక్కకు గంత పేరెందుకే" అని పిల్లకూర అని పేరు పెట్టుకుంది. ఆ పేరు మన కాలనీలో ఇప్పుడు అందరి నోటా ఉంది.

ఆమె ఈ పనిలో ఆరితేరిన మనిషి అని సంతాప సభలో ఒకరిద్దరు అన్నారు. వాళ్ళను కాదనడానికి నాకు నోరు రాలేదు గాని, అది నిజం కాదు. మొదటిసారి ముల్లంగి వేసినప్పుడు మొలకల కింద తెల్లటి నూగు కనిపించింది. బూజు పట్టిందని గాభరాపడి ట్రేలన్నీ చెత్తబండిలో వేయించింది. మళ్ళీ వేసింది, మళ్ళీ నూగు, మళ్ళీ చెత్తబండి. ఆవేళ నేను నీళ్ళ కోసం బయటికి వచ్చి, ఏమనుకుంటుందోనని సందేహిస్తూనే, మిగిలిన ఒక ట్రే మీద కాసిన్ని నీళ్ళు చిలకరించాను. నూగు మాయమైంది. బూజు కాదు, వేళ్ళకు ఉండే సన్నటి నూలు అది. తడి తగిలితే అణిగిపోతుంది. పెద్దమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చెత్తబండి వెళ్ళిన దారి వైపు చూసింది. "అయ్యో నా బిడ్డలారా! ఏళ్ళొచ్చినయని పారబోస్తినా మిమ్ముల?" అని తల కొట్టుకుని, నవ్వి, నా వైపు తిరిగి, "నీకెర్కనే ఉండె? మరి నోరెందుకు తెర్వవే? నోట్ల ముత్యాలు రాల్తయా?" అంది. ఆ రోజు నుంచి మేమిద్దరం మాట్లాడుకునేవాళ్ళం. ఎక్కువగా ఆమె మాట్లాడేది.

పావురాల సంగతి రాయకపోతే ఈ వ్యాసాన్ని ఎవరూ నమ్మరు. మన వైపు కాకులు తగ్గిపోయాయి. ప్రతి సజ్జ మీదా పావురాలే. మొలకల కోసం పెద్దమ్మ మేడ మీద వల కట్టించింది. మెరిసే పాత సీడీలు వేలాడదీసింది. అవేవీ పనిచేయక, స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు పావురాలు అలవాటు పడ్డాయి. అలవాటు పడనిది మనమే. "ఇంటల్లుండ్ల లెక్కనే వీండ్లు! పిలువకున్నా వస్తరు, పీటేసుకొని కూసుంటరు, తిన్నంక మూతి తుడుసుకోకుండ పోతరు" అని తిట్టేది. కవితక్క భర్త అక్కడే ఉన్నా ఇదే మాట అనేది. ఒక బూడిదరంగు పావురానికి మెడ మీద ఈకలు ఊడిపోయి ఉండేవి. దానితో ఆమెకు ప్రత్యేకమైన వైరం. "వచ్చినవా బోడిదానా, నీ కోసమే చూస్తున్న" అని దాన్ని చూడగానే లేచేది. అది ఏ రోజైనా రాకపోతే ఆకాశం వైపు రెండు మూడు సార్లు చూసేది. అది కోపమో, మరేదో నాకు తెలియదు.

భర్త నర్సింలు గారిని నేను పెద్దనాయిన అంటాను. ఆయనకు ఈ ఆకులు గిట్టవు. కంచంలో పిల్లకూర కనిపిస్తే చాలు, "నన్ను మేకను చేసినవ్ గదనే" అనేవారు. "మేకైతే చెప్పిన మాటన్న ఇంటది" అని ఆమె జవాబు. వాళ్ళ పోట్లాట నా గదిలోకి స్పష్టంగా వినిపించేది. ఇంటి మీద బెంగపడిన రోజుల్లో నేను పుస్తకం మూసి అదే వింటూ కూర్చునేదాన్ని.

కోత విషయంలో మాత్రం ఆమెది ఒకటే మాట. "మొలిచిందని మురిసి ఊకోవద్దు. రెండాకులు ఇచ్చుకున్ననాడే కొయ్యాలె. జర ఆలస్యమైందనుకో, తీగల్లెక్క సాగి పంటది, చేదెక్కుతది. మొలిపిచ్చి తినకుంట ఎండగొడితే గింజ ఉసురు తాకుతది." ఈ మాట నాకెంతగా నాటుకుందంటే, ఆఫీసులో పని వాయిదా వేసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

దవాఖానకు వెళ్ళే ముందు ఆమె మెంతులు చల్లింది. తడిపే పని నాకు అప్పగించింది. రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో ట్రే చూపించాలి. ఆఖరి కాల్‌లో మెంతి జంట ఆకులు విప్పి నిలబడి ఉంది. మంచం మీద నుంచే ఆమె మొహం వెలిగింది. "మంచిగొచ్చింది. నేనొచ్చేదాక కొయ్యకు బిడ్డా. నా చేత్తోనే కోస్త" అంది. సరేనన్నాను.

ఆ మాటే నన్ను పట్టుకుంది. ఆమె పోయాక కూడా నేను తడుపుతూనే ఉన్నాను. మెంతి సాగింది. వెలుతురు వైపు వంగింది. ట్రేను అటు తిప్పితే ఇటు వంగింది. కోస్తే ఆమె ఇక రాదని నేనే తేల్చినట్టవుతుంది. కోయకపోతే, ఆమెకు అన్నిటికంటే ఇష్టం లేని పని ఆమె ట్రేతోనే చేసినట్టవుతుంది. రెండూ ఆమె మాటలే. దేన్ని పాటించాలి? చావు ఇంట్లో ఇలాంటి ప్రశ్న ఎవరిని అడుగుతాం? వచ్చిపోయే చుట్టాల మధ్య నుంచి నీళ్ళ చెంబు పట్టుకుని మెట్లెక్కుతుంటే నాకే సిగ్గేసేది.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు. ముట్టకపోతే పోయినవాళ్ళ మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం. వెనకటి రోజుల్లో చెరువుగట్టు మీద పెట్టేవారట. ఇప్పుడు మేడ మీద, నా గది ముందు పెట్టారు. అన్నం, మటన్ కూర, గారెలు, మిరపకాయ బజ్జీలు, ముంతలో కల్లు. అందరూ గోడ పక్కకు జరిగి నిలబడ్డారు.

కాకి రాలేదు. పావురాలు వచ్చాయి. పెద్దమ్మ ఆడబిడ్డ లచ్చవ్వ కర్ర పట్టుకుని వాటిని తోలుతూనే ఉంది. ఎండ ఎక్కింది. పొద్దున్నుంచీ ఏమీ తినని పెద్దనాయిన గోడకు ఆనుకున్నారు. ఆయన్ను చూసి కవితక్క ఏడుపు మొదలుపెట్టింది. "అమ్మా, నాయినను నా దగ్గర పెట్టుకుంట. ఫికర్ చెయ్యకు. ముట్టవే" అని దండం పెట్టింది. ఏమీ రాలేదు. పెద్దనాయిన గోడ వదిలి ముందుకొచ్చారు. "ఇగో యాదీ. ఇగ గడ్డి పెట్టినా తింట. సప్పుడు చెయ్య. రావే" అన్నారు. అప్పుడూ రాలేదు.

"మనసుల ఏం పెట్టుకొని పోయిందో" అంది లచ్చవ్వ, ఒక్కొక్కరి మొహం చూస్తూ. ఆ చూపు నా మీదికి వచ్చేసరికి నా కాళ్ళు వాటంతట అవే కదిలాయి. అంతమంది ముందు నేనెప్పుడూ మాట్లాడలేదు. వల పైకెత్తి మెంతి ట్రే తీసి, తెచ్చి విస్తరి పక్కన పెట్టాను. "పెద్దమ్మా, కొయ్యలేదు" అన్నాను. "ఏందది?" అంది లచ్చవ్వ. "ఆమె వచ్చి కోస్తానంది" అని మాత్రం చెప్పగలిగాను.

సజ్జ మీది నుంచి ఆ బోడి మెడ పావురం దిగింది. అన్నం వైపు చూడలేదు. నడుచుకుంటూ వచ్చి, ట్రే అంచు మీదికెక్కి, మెంతి పీకడం మొదలుపెట్టింది. అలవాటుగా నా చెయ్యి పైకి లేచింది. లచ్చవ్వ కర్రా లేచింది.

"ఆగుండ్రి" అన్నారు పెద్దనాయిన. "తిననియ్యుండ్రి."

"ఏం మాటరా? పావురం ముడితే అయితదా? కాకి ముట్టాలె గని!" అంది లచ్చవ్వ.

"కాకితోని ఏం దోస్తీ ఉండె అక్కా యాదికి? బతికినన్ని దినాలు ఆ బోడిదానితోనే కొట్లాడింది. ఇంకెవలొస్తరు దీని కోసం?"

ఎవరో నవ్వారు, కవితక్కే అనుకుంటాను. ఏడుస్తూనే నవ్వింది. లచ్చవ్వ కాసేపు గొణిగింది, తర్వాత కర్ర కింద పెట్టింది. పావురం తిన్నంత తిని, కొబ్బరి పొట్టు చెదరగొట్టి, మూతి తుడుచుకోకుండా ఎగిరిపోయింది. అందరూ కాళ్ళు కడుక్కుని భోజనానికి కిందికి దిగారు.

నేను ట్రే దగ్గరే ఉండిపోయాను. సగం మెంతి ఇంకా నిలబడే ఉంది. పెద్దనాయిన మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. వల కొక్కేనికి వేలాడుతున్న పెద్దమ్మ కత్తెర తీసి నా చేతికిచ్చారు.

"కొయ్యి" అన్నారు.

"తానొచ్చేదాకా వద్దంది పెద్దనాయినా."

"వచ్చిపాయె గదా బిడ్డా."

కోశాను. కవితక్క దాన్ని పప్పులో వేసింది. ఆమె చెప్పినట్టే చేదెక్కింది. పెద్దనాయిన మాట్లాడకుండా రెండోసారి వడ్డించుకున్నారు.

ఆయన అన్నది నమ్మి అన్నారో, నన్ను ఊరడించడానికి అన్నారో నాకు తెలియదు. అడగలేదు. పెద్దమ్మ ఎలాంటి మనిషన్నదీ పూర్తిగా తెలియలేదు. సంతాప సభలో ఒకరు గయ్యాళి అన్నారు, ఒకరు వెన్న అన్నారు. వేళ్ళను చూసి బూజనుకున్న మనిషి, అయ్యో నా బిడ్డలారా అని చెత్తబండి దారి చూసిన మనిషి నాకు తెలుసు. నా నోరు తెరిపించిన మనిషి తెలుసు. ఆమె స్థానంలో నిలబడగలిగేవాళ్ళు మన కాలనీలో లేరు. మిఠాయి డబ్బాలు కడిగి మళ్ళీ మెంతులు చల్లాను. మొలకెత్తించడం నాకూ వచ్చు. కింది నుంచి ఎవరితోనో పోట్లాడుతూ మెట్లెక్కి వచ్చే ఆ గొంతును మొలకెత్తించడం ఎవరికీ రాదు. యాదమ్మ పెద్దమ్మకు నా నమస్కారం.

నిన్న సాయంత్రం ఆ బోడి మెడ పావురం మళ్ళీ వచ్చి, వల అంచున కూర్చుని ట్రే వైపు చూసింది. పళ్ళెం, గరిటె తీసుకుని బయటికి వచ్చాను. కొట్టబోయి ఆగిపోయాను. దాన్ని తోలాలో, పెద్దమ్మా ఎప్పుడొచ్చావని అడగాలో తెలియక, గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను.