ఓనరు గారు

మా అమ్మాయి బొమ్మల పుస్తకంలో ఒక కుర్ర డ్రాగన్ కథ ఉంది. పుట్టిన తెగ ఒకవైపు పిలుస్తుంది, చేరదీసిన కుటుంబం ఇంకోవైపు. చదివి వినిపిస్తుంటే, "రెండిళ్లూ ఉంచుకోవచ్చుగా నాన్నా?" అంది. పేజీ తిప్పేశాను.

నాకూ రెండిళ్లు ఉండేవి. ఒకటి పాలకొల్లు దగ్గర మా ఊళ్లో, చర్చి వెనక వీధిలో. రెండోది రాజమండ్రిలో. డిగ్రీ చదువుకీ, తర్వాత చిన్న ఉద్యోగానికీ అక్కడే ఆరేళ్లు అద్దెకున్నాను. ముందు పచారీ కొట్టు, దాని వెనక వాళ్ల ఇల్లు, పెరట్లో నా గది. పిల్లల్లేని దంపతులు. నెల తిరక్కుండానే ఆయన బాబాయ్, ఆవిడ పిన్ని అయిపోయారు.

నాకు టైఫాయిడ్ వస్తే పిన్ని రోజూ జావ కాచి, తాగేదాకా మంచం దగ్గరే నిలబడేది. ఆదివారం చర్చికి లేపేది కూడా ఆవిడే. "లేవరా! మీ దేవుడికి ఓపికుందేమో, నాకు లేదు. కాఫీ చల్లారిపోతోంది." కాలేజీలో, బజారులో అందరినీ అండీ అనే నేను, ఆవిడని మాత్రం నువ్వు అనేవాణ్ణి.

మా వాళ్లకి అది గిట్టేది కాదు. క్రిస్మస్‌కి ఊరెళ్తే పెదనాన్న అందరి ముందూ, "ఏరా, పప్పూ అప్పడాల పార్టీలో చేరిపోయావంటగా! చేపముక్క వేస్తే తింటావా, వాసన పడదా?" అనేవారు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి.

పెళ్లి కుదిరాక పిన్నికి ఫోన్ చేసి, "చర్చిలో ముందు బెంచీలో అమ్మ పక్కన నువ్వే కూర్చోవాలి," అన్నాను.

కూర్చుంది. ఆకుపచ్చ పట్టుచీర, నుదుట పెద్ద బొట్టు, చేతిలో ఎవరో ఇచ్చిన పాటల పుస్తకం. పెళ్లికూతురు ఇంకా రాలేదు. పెదనాన్న అందరికీ వినపడేలా అడిగారు.

"మీ అమ్మ పక్కన ఆవిడెవర్రా?"

పిన్ని నవ్వుతూ నా వైపు చూసింది, ఏం చెబుతానో విందామని.

"మా ఇంటి ఓనరు గారండి," అన్నాను.

మర్యాదగానే అన్నాను. మా వైపు గారు అనకపోతేనే తప్పు. కానీ ఆ రోజు ఆ రెండక్షరాలతోనే ఆవిడని బయటికి పంపేశాను.

ఆవిడ లేచి వెనక బెంచీకి వెళ్లిపోయింది. బాబాయ్, ఆవిడా భోజనం చేసే బయల్దేరారు. "బస్సుకి టైమైందండీ, వెళ్లొస్తాం," అంది నాతో. అంతకుముందు ఎప్పుడూ నన్ను అండీ అనలేదు.

తర్వాత ఫోన్లు చేశాను. "చెప్పండి," అనేది. వెళ్లడానికి మాత్రం మొహం చెల్లలేదు.

మొన్న వేసవిలో కొవ్వూరులో పని పడింది. వంతెన దాటి రాజమండ్రి వెళ్లాను. బాబాయ్ కొట్లోంచే, "ఒరేయ్, ఇన్నాళ్లకా!" అని కేకేశారు. లోపల్నించి ఆవిడ, "రండి," అంది. అన్నం వడ్డించాక నేనే మొదలుపెట్టాను.

"పిన్నీ, ఆ రోజు మా వాళ్ల ముందు..."

"మీ వాళ్లు నన్నేమీ అనలేదండి. మీ అమ్మగారైతే జరిగి చోటిచ్చారు. అన్నది మీరు."

ఇన్నేళ్లూ మా ఆవిడకి చెప్పుకున్నదీ, ప్రార్థనలో ఒప్పుకున్నదీ కూడా పెదనాన్న తప్పే.

"చారు పొయ్యమంటారా?" అని అడిగింది పిన్ని.

పొయ్యమన్నాను.